రాయి పలికిందా

ఆ ఫ్యాక్టరీలో "పలికింది" అంటే మామూలు మాట కాదు. అక్కడ తయారయ్యేవి సాన చక్రాలు, అంటే ఇనుమును అరగదీయడానికి యంత్రాలకు బిగించే గుండ్రటి రాళ్ళు. బట్టీలో కాల్చి తీసిన ప్రతి రాయినీ మధ్య కన్నంలో కడ్డీ దూర్చి వేలాడదీసి, చెక్క సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత పగులున్నా సరే, తడిసిన అట్టను కొట్టినట్టు "టప్" మంటుంది. మోగితే "పలికింది" అని పక్కన పేరుస్తారు, మోగకపోతే "పలకలేదు" అని చెత్తలో పారేస్తారు. పలకని రాయిని యంత్రానికి బిగించి తిప్పారా, ఇక అంతే సంగతులు. ఎదురుగా నిలబడ్డవాడి మీదికి ముక్కలై వస్తుంది.

ఆ ఫ్యాక్టరీకి మనుషుల్ని వెతికి తెచ్చే ఉద్యోగం ఒకావిడది. ఆమెను అందరూ ఇంటర్వ్యూలమ్మ అనేవాళ్ళు. మంచిదే పాపం. కాకపోతే ఎవరినీ నొప్పించకుండా బతకాలనుకునే రకం మంచిది. అలాంటి మంచితనం ఎప్పుడో ఒకప్పుడు ఎవరి మెడకో చుట్టుకుంటుంది.

అక్కడ క్వాలిటీ మేనేజరుగా చాలాకాలం నుంచి ఒకాయన ఉండేవాడు. వెనకాల అందరూ ఆయన్ని చాదస్తం అనే పిలిచేవాళ్ళు, ఒకరిద్దరు ఆయన ఎదురుగానే నోరు జారారు కూడా. రాళ్ళను తట్టేది ఒక పెద్దావిడ. చేతిలో చెక్క సుత్తి, నోట్లో మాటల సుత్తి, అందుకని ఆమె సుత్తి పిన్ని అయింది. పిన్ని తట్టేది, చాదస్తం వినేవాడు, పలికితే ముద్ర వేసేవాడు. ఆ ముద్ర లేనిదే రాయి గేటు దాటదు. కొనేవాళ్ళూ తీసుకోరు.

ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. ఓనరు ఆగలేకపోయాడు. బట్టీ చల్లారకముందే తలుపులు తీయించాడు. కాలుతున్న రాళ్ళకు చల్లగాలి తగిలి లోలోపల పగుళ్ళు పట్టాయి. చాదస్తం ఒక్కో రాయినీ విని, మొత్తం సరుకు పారేయమన్నాడు. ఓనరు అరిచాడు, బతిమాలాడు, చివరికి "మీకు ఒంట్లో బాగున్నట్టు లేదండీ, మూడు నెలలు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి" అని పంపించేశాడు. గుండ్రాయిలా ఉన్న మనిషికి రోగం అంటగట్టడం ఓనర్లకే చెల్లింది.

ఆ తర్వాత ఇంటర్వ్యూలమ్మను గదిలోకి పిలిచాడు.

"మూడు నెలలకి తాత్కాలికంగా ఒక క్వాలిటీ మేనేజరుని చూడమ్మా. అనుభవం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నెమ్మదస్తుడై ఉండాలి."

"ఆ పాత సరుకు సంగతండీ?"

"పారేయించాంలే. దాని గురించి నీకెందుకు?"

ఆమె నమ్మింది. నమ్మితే పనులు సులువుగా అవుతాయి కదా.

ఆమెకు వెంటనే తట్టిన మనిషి బావ. అక్క మొగుడు. పెద్ద పెద్ద ఆవిరి సుత్తుల షెడ్డులో తనిఖీ పని చేసి చేసి, ఆ మోతకు రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఆ షెడ్డు మూతబడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు వినపడదని అక్కకు తెలుసు, ఈమెకు తెలుసు. బయటివాళ్ళకు తెలియదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి టకటకా జవాబిచ్చేవాడు మరి. నాన్న పోయినప్పుడు చిన్నపిల్లగా ఉన్న ఈమెను కడుపులో పెట్టుకుని సాకింది బావే. ఫీజులు కట్టింది బావే. ఇప్పుడు అదే బావ పగలంతా గోడకు ఆనుకుని కూర్చుని, అక్క కుట్టుమిషను తొక్కుతుంటే చూస్తూ ఉండటం ఆమెకు గుండె కోతగా ఉండేది.

"క్వాలిటీ అంటే కాగితాల పనే బావా. కొలతలు చూడ్డం, సంతకాలు పెట్టడం. నీకు కొట్టినపిండి" అంది.

"చెవుల సంగతి?"

"ఎవడికి తెలుస్తుంది? ఎదురుగా నేనే కూర్చుంటాగా. నా పెదాలు చూడు, ప్రశ్న మళ్ళీ నేనే అంటాను."

"నీ ఉద్యోగానికి ముప్పు రాకూడదు పిల్లా. అదొక్కటే నాకు భయం" అన్నాడు బావ. అక్క మాత్రం ఆ పూటే ఆయన తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేసింది.

ఇంటర్వ్యూకి ముగ్గురు వచ్చారు. ఓనరు గది మూల, తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఒక పగిలిన సాన చక్రం పెట్టి ఉంటుంది. ఓనరు మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, వచ్చినవాళ్ళ వెనక్కి వెళ్ళి, చేతిలోని తాళాల గుత్తితో ఆ రాయిని ఒకసారి తట్టాడు. టప్. మొదట వచ్చిన కుర్రాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. రెండో ఆవిడ చూడను కూడా చూడకుండా "అది పగిలిందండీ, పొరపాటున కూడా వాడకండి" అంది. ఓనరు ఇద్దరికీ "కబురు చేస్తాం" అని చెప్పాడు.

మూడోవాడు బావ. ఓనరు మళ్ళీ లేచాడు, మళ్ళీ తట్టాడు, ఈసారి గట్టిగానే. బావ ఇంటర్వ్యూలమ్మ ముఖంలోకి చూస్తూ చిరునవ్వుతో అలాగే కూర్చున్నాడు. ఓనరు వచ్చి కుర్చీలో కూర్చుని, "ఇలాంటి మనిషే కావాలి. రేపే చేరండి" అన్నాడు.

అబ్బ, గండం గడిచిందనుకుంది పిచ్చిది! ఓనరు కళ్ళకు గంతలు కట్టానని మురిసిపోయింది. ఇంటికెళ్ళి అక్కను కావలించుకుని ఏడ్చింది కూడా.

బావ చేరాడు. రాళ్ళ మందం కొలిచేవాడు, అంచులు తడిమి చూసేవాడు, కన్నం సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసేవాడు. పిన్ని రాయిని తట్టి, ఆయన వైపు తిరిగి "పలికింది" అనేది. ఆయన ముద్ర వేసేవాడు. వినడం కూడా తన పనేనని ఆయనకు మొదటి రోజే తెలిసింది. తెలిశాక మరదలితో గొణిగాడు.

"పిన్ని చెవులు మంచివే కదా బావా. ఆవిడ చెబుతుందిగా" అంది ఆమె.

ఒక మధ్యాహ్నం హాజరు కాగితం మీద బావ సంతకం కోసం ఆమె తనిఖీ గదికి వెళ్ళింది. గుమ్మంలో ఉండగానే వినపడింది. టప్. ఆ వెంటనే పిన్ని గొంతు, "పలికింది." బావ ముద్ర వేశాడు. పిన్ని ఇంకో రాయి తట్టింది. టప్. "పలికింది." మళ్ళీ ముద్ర. గోడ వారగా పాత సరుకు, పారేశామన్న సరుకు, పైకప్పు దాకా పేర్చి ఉంది.

ఆమె పిన్నిని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది.

"ఏంటి పిన్నీ ఇది? నీకు చెవుల్లేవా?"

"నాకున్నాయమ్మా. ఆయనకే లేవు" అంది పిన్ని. ఎప్పుడూ గలగలలాడే మనిషి గొంతు పీలగా వచ్చింది. "ఆయనకి కనపడేట్టు పలికింది అను, అంతే చాలన్నాడు ఓనరు. అననంటే నా కొడుకునీ నన్నూ ఇద్దర్నీ తీసేస్తానన్నాడు. నన్నంటావేం? ఈ మనిషిని ఏరి కోరి తెచ్చింది నువ్వు కాదూ?"

ఆమె ఓనరు గదిలోకి దూసుకెళ్ళింది. ఓనరు ఏమీ తొట్రుపడలేదు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు చూడు. నాకు కావలసింది ఆ చెవిటివాడే. నువ్వే తెచ్చిపెట్టావు. నేను తాళాలతో ఎందుకు తట్టాననుకున్నావు, సరదాకా?"

"ఆ రాళ్ళు పగిలి మనుషులు పోతారండీ."

"అన్నీ పగలవు. ఒకవేళ పగిలినా ముద్ర ఎవరిది? మీ బావది. ఆయన చెవుల సంగతి దాచి నన్ను మోసం చేసిందెవరు? నువ్వు. నాకేం తెలుసు, అమాయకుణ్ణి! మూడు నెలలేనమ్మా, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆ తర్వాత మీ బావని స్టోర్సులో పర్మనెంటు చేస్తాను."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. చెబితే బావ ఉద్యోగం పోతుంది, తన ఉద్యోగం పోతుంది, అక్క మళ్ళీ ఆ మిషను ముందు కూలబడుతుంది. చెప్పకపోతే ఎవరో పోతారు. ఆ ఎవరో ఎవరో ఆమెకు తెలియదు. తెలియని మనిషి బరువు తేలికగానే ఉంటుంది. అదే ఆమె చేసిన పాపం.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది, చెప్పేద్దామనే వెళ్ళింది. అక్క మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టింది. బావ గడ్డం గీసుకుని, పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఒక సంగతి చెప్పు పిల్లా. ఇన్ని రాళ్ళలో ఒక్కటి కూడా పోకపోవడం వింతగా లేదూ? నేనెక్కడ పని చేసినా వందకి నాలుగో అయిదో పోయేవి."

ఆయన ఆమె పెదాలకేసి చూస్తున్నాడు. అక్క వంటగదిలోంచి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఎన్నేళ్ళైందో ఆ రాగం విని.

"బట్టీ బాగా కుదిరిందేమో బావా" అంది.

"అంతేనంటావా?"

"అంతే."

ఆయన తల ఊపాడు. మరదలు చెప్పింది కాబట్టి నమ్మాడు. సరుకు దాదాపు అంతా గేటు దాటి వెళ్ళిపోయింది.

మూడో నెల గడవకముందే కబురు వచ్చింది. ఎక్కడో ఒక చిన్న వర్క్‌షాపులో రాయి బిగించి తిప్పగానే పగిలింది. ముక్క పనివాడి ఛాతీలో దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే లోపే పోయాడు. పెళ్ళీడుకు రాని చెల్లెళ్ళు ఇద్దరున్నారట, వాళ్ళకు అన్నీ తానేనట. ముక్కల మీద ముద్ర చెక్కు చెదరకుండా ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు బావ తనిఖీ గదిలో మిగిలిన రాళ్ళ దగ్గర కూర్చుని, తనే సుత్తి తీసుకుని ఒక్కోదాన్నీ తట్టి, పిన్ని ముఖం చూశాడు. పిన్ని తల దించుకుంది. ఆయనకు మొత్తం అర్థమైపోయింది.

విచారణకు అధికారి వచ్చాడు. మీటింగు గదిలో పొడుగాటి బల్ల. ఒక పక్క ఓనరు, పిన్ని. ఇంకో పక్క బావ, ఇంటర్వ్యూలమ్మ. అద్దం తలుపు అవతల బెంచీ మీద అక్క.

అధికారి కాగితాల్లోకి తల వంచుకునే అడిగాడు. "రాళ్ళు విని ముద్ర వేసిందెవరు?"

ఆయన పెదాలు కనపడక బావ కదల్లేదు.

"మిమ్మల్నేనండీ. పిలిస్తే పలకరేం?"

ఓనరు ఇదే అదను అనుకుని గొంతు సవరించుకున్నాడు. "సార్, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈయనకి అసలు చెవులే వినపడవని మాకిప్పుడే తెలిసింది. ఈ అమ్మాయి ఈయన మరదలే. దాచిపెట్టి ఉద్యోగంలో..."

బావ ఆ పెదాలు చూస్తున్నాడు. చివరిదాకా ఆగలేదు. లేచి నిలబడ్డాడు.

"అబద్ధం సార్. నాకు శుభ్రంగా వినపడుతుంది."

అధికారి తలెత్తాడు. బావ ముఖంలోకే చూస్తూ, "నేనడిగేది వినపడుతోందా మీకు?" అన్నాడు.

"వినపడుతోంది సార్."

"మరి ఆ రాళ్ళు?"

"పలకలేదు సార్. పలకలేదని వినే ముద్ర వేశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు. ఈ అమ్మాయికి ఏమీ తెలీదు."

ఓనరు నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలితే ఎవడు మాత్రం కాదంటాడు? చెవిటివాడి పొరపాటైతే చేర్చుకున్నవాణ్ణి కూడా అడుగుతారు. తెలిసి చేసిన ద్రోహమైతే జైలుకెళ్ళేది ఒక్కడే.

"తెలిసి చేశానంటే శిక్ష ఎంత పెద్దదో తెలుసా మీకు?" అన్నాడు అధికారి.

"తెలుసు సార్."

అధికారి అదంతా రాసుకున్నాడు. రాయడం అయ్యాక ఇంటర్వ్యూలమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆయన మీ బావేనటగా. ఆయనకి నిజంగానే వినపడుతుందా? మీరేమైనా చెప్పాలా?"

ఆమె గొంతులో అన్నీ ఉన్నాయి. తాళాల గుత్తి ఉంది, పిన్ని మాట ఉంది, తను గుమ్మంలో నిలబడి విన్న చప్పుడు ఉంది. మొత్తం ఆ గదిలో ఆ చప్పుడు విని, నిజం చెప్పగలిగిన మనిషి తనొక్కతే. బావ ఆమె పెదాలకేసే చూస్తున్నాడు. ఆమె పెదాలు కదలబోవడం చూసి, వద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపాడు.

ఆ ఊపు చాలింది ఆమెకు.

"మిమ్మల్నే అడుగుతున్నానమ్మా" అన్నాడు అధికారి, బల్ల మీద వేలితో తడుతూ.

ఆమె పలకలేదు.