ఐదో జంపుకీ ఆరో జంపుకీ మధ్య

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి, పోటీ మైదానంలో ఐదో జంపుకీ ఆరో జంపుకీ మధ్య నేల పెరుగుతోంది. అలేఖ్య మొదటిసారి నడిచినప్పుడు ఇరవై అడుగులు వచ్చాయి. రెండోసారి ఇరవై ఆరు. మూడోసారి నూట నలభై, అదీ మధ్యలో ఒకచోట కూర్చుని మంచినీళ్ళు తాగాక.

గుర్రం ఎక్కేముందు పోటీదారులంతా కాలినడకన మైదానంలోకి దిగి, జంపుకీ జంపుకీ మధ్య అడుగులు లెక్కపెట్టుకోవడం ఈ ఆటలో ఆచారం. మనిషికి నాలుగు అడుగులైతే గుర్రానికి ఒక అంగ. దిగడానికి రెండు అడుగులు, ఎగరడానికి రెండు అడుగులు తీసేస్తే, మిగిలిందంతా గుర్రం పరుగు. ఇరవై అడుగులంటే నాలుగు అంగలు. నూట నలభై అంటే ముప్పై నాలుగు. చెప్పొద్దూ, అది జంపుల మధ్య ఉండాల్సిన దూరం కాదు, బస్టాపుల మధ్య ఉండాల్సిన దూరం.

మిగతా పిల్లలు ఆమె పక్కనుంచే చకచకా ఇరవై అడుగులేసి అవతలికి చేరుకుంటున్నారు. అలేఖ్యకు ఆశ్చర్యమేమీ లేదు. భయం ఉంది. భయపడ్డవాళ్ళ అడుగు చిన్నదవుతుందని జంగయ్య సార్ ఎన్నోసార్లు చెప్పారు. చిన్న అడుగుతో కొలిస్తే నేల పెద్దదవదూ మరి? నేలకేం తెలుసు పాపం, ఎలా కొలిస్తే అలా ఉంటుంది.

జంగయ్య సార్ సైన్యంలో ముప్పై ఏళ్ళు గుర్రాలతో బతికి, ఇప్పుడు ఈ క్లబ్బులో పిల్లలకు స్వారీ నేర్పుతున్నారు. తాడు అవతల నిలబడి ఆమె కోసం చూస్తున్నారు.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"ఇరవై, సార్."

"కాళ్ళు వణుకుతున్నట్టున్నయ్?"

"చలి, సార్."

మే నెల. ఆయన తల ఊపి, తన కోటు విప్పి ఆమె మోకాళ్ళకు చుడతారు. నెల కిందట సాధనలో ఇదే ఆరో జంపు దగ్గర గుర్రం మీదనుంచి పడ్డప్పుడు కూడా ఆమె ఇలాగే "ఏం కాలే, సార్" అంది. ఆయన అప్పుడూ నమ్మారు.

"జంపుల మీది ఒక్క కర్ర గూడ పడొద్దు," అంటారు సార్. "పడితే పిచ్చుకను శ్రీతేజ్‌కిస్తమని క్లబ్బోళ్ళు చెప్పిన్రు. నా చేతుల లేదు."

పిచ్చుక గోధుమరంగు ఆడగుర్రం. పదిహేనేళ్ళ అలేఖ్య నాలుగేళ్ళుగా తెల్లారకముందే లేచి దాని లాయం ఊడుస్తోంది, దాని గిట్టల్లో మట్టి తీస్తోంది. జాతీయ జూనియర్ పోటీల్లో నిలబడితే పిచ్చుకతోనే నిలబడాలి. వేరే గుర్రం మీద గెలుపు పక్కింటి పెళ్ళిలో భోజనం లాంటిది. కడుపు నిండుతుంది, అంతే.

అదే క్లబ్బులో స్వారీ నేర్చుకుంటున్న శ్రీతేజ్ అప్పుడే జీను రెండు చేతులా ఎత్తుకుని ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్నవాడైనా పెద్దమనిషి తరహా.

"తొందరేం లేదక్కా," అంటాడు. "నువ్వు దిగినంకనే తీసుకుంట."

గంట మోగుతుంది. మొదటి జంపు, రెండు, మూడు, నాలుగు. ఏ కర్రా కదలదు. ఐదోది దాటి పిచ్చుక నేలమీద దిగేసరికి, ఆరో జంపు అగ్గిపుల్లంత ఉంది.

నాలుగు అంగలు అయిపోతాయి. నలభై అయిపోతాయి. జనం పలచబడతారు, మైకులో గొంతు మాత్రం పక్కనే నడిచొస్తున్నట్టు "నలభై రెండు సెకన్లు, నలభై రెండు సెకన్లు" అంటూ ఉంటుంది. ఒక మైలురాయి వస్తుంది. దాని పక్కన చాయ్ బండి, బండి చుట్టూ హెల్మెట్లు పెట్టుకున్న ముసలివాళ్ళు. వాళ్ళ గుర్రాల మూతులు కూడా నెరిసిపోయాయి.

"ఎన్నని చెప్పినవ్ బిడ్డా?" అని అడుగుతుంది బండి నడిపే ఆవిడ.

"ఇరవై."

"అయ్యో! ఇరవై అన్నోళ్ళంత ఈడ్నే ఉన్నరు. దిగు, చాయ్ తాగు."

ముసలివాళ్ళు సర్దుకుని ఆమెకు చోటిస్తారు. బల్లమీద ఒక గ్లాసు ముందే పోసి ఉంది, దాని మీద మీగడ కట్టింది. అలేఖ్యకు పై ప్రాణాలు పైనే పోతాయి. కళ్ళెం వదలకుండా, పిచ్చుక మెడమీదికి పూర్తిగా వాలిపోతుంది.

"పిచ్చుకా, నాకు భయమైతుంది. ఇరవై రాలే. అబద్ధం చెప్పిన."

పిచ్చుక ఒక చెవి వెనక్కి తిప్పుతుంది.

"ఎరుకే," అంటుంది. "నెల సంది నీ మోకాళ్ళు చెప్తనే ఉన్నయ్."

"మరి ఎందుకు ఎగిరినవ్?"

"నువ్వు ఎగురుమన్నవ్. నాకు గూడ భయమే, నన్నెవలడిగిన్రు?"

ఆ మాటకు అలేఖ్యకు ఏడుపొస్తుంది. నాలుగేళ్ళలో ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. కళ్ళు తుడుచుకునేలోపే ఆరో జంపు ముక్కు ముందుకు వచ్చేస్తుంది, అవసరమైనంత దగ్గరగా, ఒక్క వేలెడు కూడా తేడా లేకుండా. పిచ్చుక ఎగురుతుంది.

పైకర్రకు మూరెడు ఎత్తున, గాలిలో, తలకిందులుగా ఇంకో అలేఖ్య ఉంది. నెల కిందట పడిన అలేఖ్య. బూటు మీద అప్పటి దుమ్ము అలాగే ఉంది. నోరు తెరిచి ఉంది, కేక ఇంకా బయటికి రాలేదు.

"నువ్వింకా పడలేదా?" అని అడుగుతుంది అలేఖ్య.

"ఏం కాలే అన్నవ్ గద," అంటుంది ఆ పిల్ల. "ఏం కాకుంటే ఎట్ల పడుత?"

అలేఖ్య చెయ్యి చాచి ఆమెను లాగి తన వెనక జీను మీద కూర్చోబెట్టుకుంటుంది. నడుము చుట్టూ బిగిసిన చేతులు మంచులా ఉన్నాయి. కర్ర పడలేదు. ఒక్క కర్రా పడలేదు. కానీ పిచ్చుక కూడా కిందికి దిగడం లేదు.

"దిగేదాకా ఏం రాయం," అంటాడు జడ్జి, కలం పైకెత్తి పట్టుకుని.

అంటే దిగేదాకా పిచ్చుక ఆమెదే. కింద శ్రీతేజ్ జీను మోస్తూ అలాగే నిలబడి ఉన్నాడు. అతనికి మీసాలొస్తాయి, కాసేపటికి నెరుస్తాయి. జీను మాత్రం దించడు.

"నేల ఎంత దూరముంది బిడ్డా?" కిందనుంచి జంగయ్య సార్ కేక వేస్తారు. గొంతు బావిలోనుంచి వచ్చినట్టుంది.

ఇరవై అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అలేఖ్య మింగేస్తుంది.

"తెల్వదు సార్! భయమైతుంది!"

"అయితే ఇద్దరు గలిసి కొలువున్రి!"

వెనక కూర్చున్న పిల్ల జీను మీదనుంచి మెల్లగా జారి, గాలిలో పాదం మోపి, నేల వైపు నడవడం మొదలుపెడుతుంది. ఒకటి, రెండు, మూడు. ఎంత చిన్న అడుగులో! దుమ్ము బూట్ల చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోతుంది. పిచ్చుక ముందుకాళ్ళు కడుపుకిందికి ఇంకాస్త ముడుచుకుంటుంది. అలేఖ్య దాని జూలు రెండు చేతులా పట్టుకుని లెక్క వింటూ ఉంటుంది.

ఇరవై దాటింది.