మంచుకొండ మీద మేము

"రాసుకో," అన్నాడు గున్నేశ్వరరావు, పడక్కుర్చీలో వెనక్కి వాలి వక్కపలుకు దవడకు మార్చుకుంటూ. "మంచుకొండ మీద మేము. అది హెడ్డింగు. కింద నీ పేరు. శ్రీమతి మీనాకుమారి, రాజమండ్రి."

మీనాకుమారి అప్పటికింకా భోజనాల బల్ల తుడుస్తూనే ఉంది. బల్ల ఆరనిదే కాగితాలు పరవడానికి లేదు. ఆయన భోజనం ముగించిన పావుగంటకు ఆమె భోజనం, ఆ తరువాత గిన్నెలు, ఆ తరువాత బల్ల. ఈ వరుసలో వ్యాసరచన ఎక్కడ ఇముడుతుందో ఆయన ఆలోచించలేదు. పట్టణ వర్తక సంఘం పాతికేళ్ళ సంచికలో మహిళల కోసం విడిచిన రెండు పేజీలు ఖాళీగా ఉండిపోయాయట. ఎవరైనా ఆడవాళ్ళ పేరుతో వ్యాసం కావాలని సంఘం వారు అడిగితే, ఉపాధ్యక్షుడి హోదాలో ఆయన మాట ఇచ్చేశాడు. ఆ వేసవిలోనే పంపుసెట్ల కంపెనీ వారు గోదావరి జిల్లాల్లో బాగా అమ్మిన నలుగురు డీలర్లను భార్యలతో సహా తొమ్మిది రోజులు స్విట్జర్లాండు తిప్పి తెచ్చారు. కనుక విషయం సిద్ధంగానే ఉంది. చెప్పడానికి ఆయన ఉన్నాడు. కావలసింది రాసే చెయ్యి, కింద వేసుకోవడానికి ఒక ఆడపేరు.

"ఫొటో కూడా వేస్తారు. అచ్చులో నీ పేరు చూసుకుంటావు," అన్నాడు, పట్టుచీర కొనిపెడుతున్న మనిషి స్వరంతో.

కాన్వెంటులో చదివిన పదకొండేళ్ళ నుంచి మీనాకుమారికి మిగిలినవి రెండు. ఒకటి ముత్యాల్లాంటి దస్తూరీ. రెండవది, తన పేరు పెట్టిన ప్రతి మాటకూ తానే సాక్షి అనే పట్టింపు. మొదటిదానితో అత్తవారింట చాలా పని పడింది: శుభలేఖల మీద చిరునామాలు, బ్యాంకు ఫారాలు, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద ఆయన చేసే సంతకానికి పైన రాయవలసిన రెండు ముక్కలు. రెండవదానితో ముప్పై ఏళ్ళలో ఎవరికీ అవసరం కలగలేదు.

ఆయన చెప్పుకుపోతున్నాడు. వేదిక ఎక్కినప్పుడు వాడే పుస్తకాల తెలుగు అది, అందులో కేబుల్ కారు తీగబండి అవుతుంది. మేము ఉదయమే తీగబండి ఎక్కాము. మేఘాలను దాటి పోయాము. మంచులో చిన్నపిల్లలవలె కేరింతలు కొట్టాము. చెక్కబండి మీద కొండవాలున జారాము. నురగలు కక్కే నదిలో రబ్బరు పడవ నడిపాము. సాయంత్రం సరస్సు ఒడ్డున రాజులవలె భోంచేశాము. ఆమె రాసుకుపోతున్నది. ఎక్కడా తడుముకోనక్కరలేదు, ఈ వాక్యాలన్నీ ఆమెకు కంఠస్థమే. కంపెనీ వారు ఇంగ్లీషులో ఇచ్చిన కార్యక్రమ పత్రాన్ని బయలుదేరకముందు ఎనిమిది మందికీ తెలుగులో చదివి వినిపించింది ఆమే. ఎవరు ఏ రోజున ఎంత ఎత్తున ఉంటారో, అక్కడ ఎంత చలి వేస్తుందో, ఏ పూట ఎక్కడ భోజనమో ఆమెకు తెలిసినట్టు తక్కిన ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు.

ఆ పత్రంలో రాయనిది ఒక్కటే, ఆ రోజుల్లో ఆమె ఎక్కడుంటుందన్నది.

"మా వాడికి బయట తిండి పడదమ్మా, చిన్నప్పట్నించీ అంతే," అని అత్తగారు ముందుగానే చెప్పారు. ఆ ఒక్క మాటకు పెట్టెలో మూడు లీటర్ల కరెంటు కుక్కరు, ఒక చిన్న కరెంటు పొయ్యి, కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు, మూటకట్టిన బియ్యం చేరాయి. మీనాకుమారి స్వెట్టరు పట్టలేదు. కాకినాడ నుంచి వచ్చిన అచ్చిబాబు ఆయనకు వ్యాపారంలో పాత స్నేహితుడు. మొదటి సాయంత్రం గదిలో ఆమె పెట్టిన చారు గ్లాసులో పోసుకుని తాగి, కళ్ళు మూసుకుని, "వదినగారూ, ఆ కాయితంలో ఫైన్ డైనింగు ఫైన్ డైనింగు అని రాశాడు చూడండి, ఇదండీ అంటే," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతో తన తొమ్మిది రోజులకూ తానే ఒప్పుకోలు పలికానని అప్పటికి ఆమెకు తెలియదు. మరునాటి నుంచి ఎనిమిది మంది భోజనమూ ఆ గదిలోనే. అచ్చిబాబు భార్య దేవకుమారికి మోకాళ్ళ నొప్పి. నిలబడి వంట చేయడానికి అడ్డం వచ్చిన ఆ నొప్పి మంచుకొండ ఎక్కడానికి అడ్డం రాలేదు. తక్కిన ఇద్దరు డీలర్ల భార్యలూ చిన్నవాళ్ళు. మొదటి రోజు ఉల్లిపాయలు తరిగారు; రెండవ రోజు, "అక్కయ్యగారి చేతి రుచి మాకెక్కడొస్తుందండీ," అని తప్పుకున్నారు. పొగడ్త ఎంత గట్టి పలుపుతాడో కట్టించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

"రాజులవలె భోంచేశాము, రాశావా? అక్కడ రెండు మూడు వంటకాల పేర్లు పడెయ్. నీకు తెలుసుగా," అన్నాడు గున్నేశ్వరరావు.

తెలుసు. గదిలో వండకుండా గడిచిన పూట అదొక్కటే. సరస్సు ఒడ్డున తెల్లని గుడ్డలు పరచిన బల్లలు, నీళ్ళలో దీపాల నీడలు, పొడవాటి గ్లాసులు. ఎనిమిది మందీ గుడ్డు కూడా ముట్టనివారు. అందుకని ఆమె కుర్చీలోంచి లేచి ముసలి సర్వరు పక్కన నిలబడి, ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క పదార్థం గురించి విచారించింది: ఇందులో గుడ్డు ఉందా, ఈ పులుసు దేనితో కాచారు, ఆ రొట్టెకు ఏ కొవ్వు రాశారు. ఏడుగురి పళ్ళేలూ వచ్చాయి. అచ్చిబాబుకు ఉప్పు చాలలేదని చెప్పింది. దేవకుమారికి వేడినీళ్ళు అడిగింది. చివరికి ఆ ముసలాయన కొంచెం వంగి, "మరి మేడమ్‌కి ఏం కావాలి?" అని ఇంగ్లీషులో అడిగాడు. తొమ్మిది రోజుల్లో ఆమెను ఆ మాట అడిగిన మనిషి అతనొక్కడే. ఆమె పదార్థాల జాబితా మళ్ళీ మొదటి నుంచి చదివింది. అడిగించుకునే అలవాటు తప్పిపోయినవాళ్ళకు ఆ ప్రశ్న పరీక్షలా ఉంటుంది. మూతపెట్టిన ఆమె పళ్ళెం వచ్చేసరికి బస్సు బయలుదేరుతోందని గైడు చప్పట్లు చరిచాడు. నిలబడే ఒక బంగాళాదుంప ముక్క నోట్లో వేసుకుంది. అది ఏ రుచిగా ఉందో ఇప్పుడు గుర్తు లేదు, నాలుక కాలిందని మాత్రం గుర్తుంది.

ఆమె వంటకాల పేర్లు రాసింది. అక్షరదోషం లేకుండా రాసింది.

"మన గంట గోల మాత్రం రాయకు. పరువు పోద్ది," అని ఆయన తనలో తాను నవ్వుకున్నాడు.

అది నాలుగవ రోజు. అచ్చిబాబు చారుకు ఇంగువ పోపు అడిగాడు. నూనెలో ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ ఘాటు గది కప్పును తాకగానే హోటలంతా అగ్నిప్రమాద హెచ్చరిక గంటలు మోగాయి. మెట్లన్నీ దిగి, ఊళ్ళు తెలియని నూటయాభై మంది చలిలో వీధిలో నిలబడ్డారు. మేనేజరు వచ్చాడు. మీనాకుమారి సంగతి వివరించి క్షమాపణ చెప్పుకుందామని నోరు తెరిచింది. మంచి ఇంగ్లీషులో, మర్యాదగా, పూర్తి వాక్యాలలో చెప్పగలదు. ఈలోగా గున్నేశ్వరరావు ముందుకు వచ్చి, ఆమెకేసి చెయ్యి చూపిస్తూ, "లేడీస్, సార్. నో నాలెడ్జ్," అన్నాడు. మేనేజరు ఆమెవైపు జాలిగా చూశాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. అయినా ఆ పూట చారు వృథా కాలేదు. ఏడుగురూ పోసుకున్నారు, బాగుందన్నారు.

ఇక మంచుకొండ. గది కిటికీకి ఎదురుగా మరో మేడ గోడ. రెండు ఇళ్ళ కప్పుల సందున అరచేతి మేర కొండ కనబడేది. పొద్దుగూకే వేళ ఆ ముక్క గులాబీరంగుకు తిరిగేది. బియ్యం కడుగుతూ, గిన్నెలు స్నానాలగది కుళాయి కింద తోముతూ ఆమె దాన్ని చూసేది. అక్కడికి పోవాలని ఆమెకు ఉండేది. ఒక్కసారి నోరు తెరిచి చెప్పింది కూడా. "ఆఖరి రోజు మళ్ళీ వెళతాం, అప్పుడు నువ్వూ వద్దువుగాని," అన్నాడు ఆయన. ఆఖరి రోజున ఆమె ఆయన పాత కోటు తొడుక్కుని, తలకు మఫ్లరు చుట్టుకుని, అందరికంటే ముందు కింద హాల్లో కూర్చుంది. ఏడుగురూ దిగి వచ్చారు. అచ్చిబాబు గడియారం చూసుకుని, "మరి విమానంలోకి పులిహోరండీ?" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. ఎవరూ ఆమెను రావద్దనలేదు. ఉండిపొమ్మని కూడా అనలేదు. ఏడుగురూ ఆమెకేసి చూశారు, అంతే. మీనాకుమారి లేచి, మఫ్లరు విప్పుకుంటూ మెట్లెక్కింది. ఈ నాలుగు నెలలుగా ఆమెను తినేస్తున్నది వాళ్ళ చూపు కాదు, తాను లేచి నిలబడిన ఆ తొందర.

కలం ఆగింది.

"ఏవండీ," అంది. "ఇందులో మేము అంటే ఎవరండీ?"

"మేమంటే ఎవరేంటే? మేమే," అన్నాడు. "అచ్చిబాబు, నేను, వాళ్ళూ. ఆఖరి రోజు మేమంతా ఎక్కాం కదా కొండ. నీకు తెలీదూ? వచ్చి నీకు చెప్పాం కూడాను."

"కింద నా పేరు ఉంటుంది కదండీ. నేను మేము ఎక్కాము అని రాస్తే, నేనూ ఎక్కినట్టు."

"ఎక్కినట్టే అనుకో. మనందరం ఒకటే. ఎవడడుగుతాడు?"

ముప్పై ఏళ్ళ సంసారంలో తనకు అంతుచిక్కనిదేదో ఆ రెండక్షరాల మాట విప్పి చూపినట్టయింది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ మేము ఎక్కాం అన్నాడు. మనం ఎక్కాం అనలేదు. అబద్ధమాడటానికి కూడా ఆయన నాలుక అటు తిరగలేదు. ఎదుట నిలబడి ఉన్నంతసేపూ ఆమె ఆ మేములో లేదు. లోకానికి చూపించవలసి వచ్చినప్పుడు మాత్రం అదే మేములో ఆమెను కూర్చోబెట్టి, ఫొటో తీసి, కింద పేరు వేస్తారు. మాట ఒకటే. ఆమెను బయట పెట్టడానికీ అదే, లోపల ఉందని చెప్పడానికీ అదే.

"ఆఖరున ఇది రాయి," అన్నాడు ఆవులిస్తూ. "వచ్చే ఏడు మేము మారిషస్ వెళ్ళబోతున్నాము. కంపెనీవాళ్ళు చెప్పేశారు. అచ్చిబాబు పొద్దున్న ఫోన్ చేశాడు. వదినగారు రాకపోతే నేను విమానం ఎక్కనంటున్నాడు. ఐదు లీటర్ల కుక్కరు తనే కొంటాడట నీకు."

ఆమెను పిలుస్తున్న గౌరవం ఎంతటిదో తెలియాలని రెండు క్షణాలు ఆగి, "సాపు చేసి ఉంచు. నాలుగింటికి షాపుకెళుతూ ప్రెస్సులో ఇచ్చేస్తాను," అని కళ్ళు మూసుకున్నాడు.

ఆయన గురక మొదలైంది. మీనాకుమారి కొత్త కాగితం తీసుకుంది. ఒక్క సంఘటన వదలలేదు, ఒక్క వర్ణన తగ్గించలేదు. ఆయన చెప్పిన మాటలన్నీ ఉన్న చోటనే ఉంచింది. మేము అన్నచోట వారు అని, క్రియల చివర ఒక్క అక్షరం మాత్రం నిజానికి తగినట్టు రాసింది; వాటి పక్కన తన సంగతి చేర్చింది. వారు ఉదయమే తీగబండి ఎక్కారు. మేఘాలను దాటి పోయారు. మంచులో చిన్నపిల్లలవలె కేరింతలు కొట్టారు. ఆ సమయాన నేను గదిలో అన్నం వార్చాను. మంచు ఏ విధంగా ఉంటుందో నాకు తెలియదు. సరస్సు ఒడ్డున వారు రాజులవలె భోంచేశారు. నేను సర్వరుతో మాట్లాడాను. హోటలులో గంటలు మోగినప్పుడు నాకు జ్ఞానం లేదని నా భర్త మేనేజరుతో చెప్పారు. ఆఖరి రోజున వారు మరల కొండ ఎక్కారు. నేను పులిహోర కలిపాను. ఎవరూ నన్ను ఆపలేదు, నేనే మెట్లెక్కాను. ఆ చివరి వాక్యం రాయడానికి ఆమెకు తక్కినవాటి కంటే ఎక్కువ సమయం పట్టింది. అప్పుడు ముగింపు రాసింది. వచ్చే ఏడు వారు మారిషస్ వెళ్ళబోతున్నారు. నేను వెళ్ళను.

కింద తన పేరు పెట్టింది.

నాలుగింటికి ఆయన లేచి, ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, కాగితాలు మడవబోయాడు.

"చదవండి," అంది మీనాకుమారి.

"నేను చెప్పిందేగా."

"చదివే పట్టుకెళ్ళండి."

ఆ గొంతు ఆయనకు కొత్త. నిలబడే చదివాడు. రెండవ పేజీకి వచ్చేసరికి కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇదేంటి?" అన్నాడు చివరికి. కోపం కంటే ముందు అయోమయం వచ్చింది. "అంతా ఎక్కారు, దిగారు, తిన్నారు. నువ్వెక్కడున్నావే ఇందులో?"

"ఎక్కడున్నానో రాశానండీ."

"నలుగురూ చదివేది. దిద్దియ్యి."

"నేను దిద్దను," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీరు దిద్దుకోండి. ఏ వాక్యం అబద్ధమో అది దిద్దండి."

కలం మూత తీసి ఆయన చేతికిచ్చింది. గున్నేశ్వరరావు మొదటి వాక్యం చివర ఉన్న 'రు' మీదకు కలం తెచ్చాడు. దాన్ని 'ము' చేయాలంటే ఆమె ఆ బండిలో ఎక్కడ కూర్చున్నదో ఆయనకు గుర్తు రావాలి.