మోటారు కొట్టంలో ఇంగ్లీషు

మా హేమప్రియకు ఇంగ్లీషులో నోరు తిరిగింది మోటారు కొట్టంలో. గుడియాత్తం బయట మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు, బావి దగ్గర నీళ్ళ మోటారు ఉండే కొట్టంలో ఉంటుంది. బడివాళ్ళు ఏర్పాటు చేస్తే, వేలూరు బాగాయం నుంచి జెసింత టీచరు కొన్ని సాయంత్రాలు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేది. పక్కన మోటారు నడుస్తూ ఉంటుంది కాబట్టి అమ్మాయి అరిచి జవాబులు చెప్పేది.

"ఆయమ్మకు ఫోనెందుకు పాపా? నువ్వరిచేది బాగాయం దాకా ఊరికే వినపడతాది," అన్నారు మా అత్తగారు రుక్మిణమ్మ, గడ్డిమోపు దించుతూ.

బడిలో అదే అమ్మాయి నోరు తెరవదు. తెరిస్తే వెనక బెంచీలో ముఖేష్ ఆమె గొంతుతోనే ఆ మాట మళ్ళీ అంటాడు. అక్కడ ఇంగ్లీషు చెప్పే జెబరాజ్ సారు మంచివారే. పాఠం చదువుతారు, తమిళంలో వివరిస్తారు, అర్థమైందా అంటారు. అందరూ అయింది అంటారు.

వచ్చే ఏడాది ఆన్‌లైన్ పాఠం, తరగతి పాఠం రెండింటిలో ఒకటే ఉంచుతామని బడి నడిపే కరస్పాండెంట్ గోవిందస్వామిగారు ప్రకటించారు. ఏది కావాలో హేమప్రియ చదివే పదకొండో తరగతి పిల్లలే చెప్పాలి. ఇంగ్లీషు సంగతి కాబట్టి ఇంగ్లీషులోనే, తరగతిలో లేచి నిలబడి చెప్పాలి. తల్లిదండ్రులు వచ్చి వినవచ్చు.

"నేను చెప్పకపోతే ఆన్‌లైన్ తీసేస్తారమ్మా," అంది హేమప్రియ.

"అయితే చెప్పు."

"ఆడ నిలబడి చెప్పగలిగితే నాకు ఆన్‌లైన్ ఎందుకు?"

జడ వేసి పంపాను, వెనకే నేనూ వెళ్ళాను.

వెనక బెంచీలు తల్లిదండ్రులకిచ్చి ముఖేష్‌ను ముందుకు పంపారు. మొదట కలైయరసి లేచింది. "క్లాస్‌రూమ్ ఈజ్ గుడ్ సార్. ఫ్రెండ్స్ ఆర్ దేర్." తర్వాత అజిత్, "సేమ్ సార్." ముఖేష్, "ఆన్‌లైన్ ఈజ్ గుడ్ సార్. ఫ్యాన్ ఈజ్ దేర్." కరస్పాండెంట్ తలెత్తి పైన ఖాళీ కొక్కెం వంక చూసి, తరువాతివాళ్ళను లేవమన్నారు.

హేమప్రియ లేచింది. ఎదుటి గోడను చూస్తూ మొదలుపెట్టింది, మోటారు పక్కన మాట్లాడే గొంతుతో. ఆమెకు ఇంగ్లీషు ఆ గొంతులోనే వచ్చు. తరగతిలో నన్ను వాక్యం పూర్తి చేయనివ్వరు, అంది. ఆన్‌లైన్‌లో టీచరు పూర్తయ్యేదాకా ఆగుతారు. తప్పు చెబితే ఆమెకొక్కరికే తెలుస్తుంది, అందుకే తప్పులు చెప్పే ధైర్యం వచ్చింది, చెప్పీ చెప్పీ నేర్చుకున్నాను, అంది. పక్క గదిలోంచి లెక్కల టీచరు వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖేష్ నోరు తెరిచాడు గానీ, ఒక వాక్యాన్ని తిరిగి అనేలోపు ఇంకొకటి వచ్చి పడుతోంది. మూసుకున్నాడు.

కరస్పాండెంట్ కళ్ళద్దాలు తీశారు. "తెలుగోళ్ళ పాపవేనా? ఇంత బాగా యాడ నేర్చుకున్నావమ్మా?"

"ఆన్‌లైన్‌లో సార్."

"ఇప్పుడు మాట్లాడింది యాడ?"

హేమప్రియ గది చుట్టూ చూసింది. "క్లాసులో సార్."

"అంతే గదమ్మా. ఇంక ఆన్‌లైన్ దేనికి?"

తల్లిదండ్రులందరికీ ఇది న్యాయంగానే తోచింది. జెబరాజ్ సారు లేచి, సోమవారం నుంచి పాఠం తను చదవనని, హేమప్రియే చదువుతుందని చెప్పారు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని విశ్రాంతి కనిపించింది.

అమ్మాయి గేటు దాకా గబగబా నడిచింది. అక్కడ ఆగి, "కొంచెం తడబడి ఉండాల్సిందమ్మా," అంది. కళ్ళు తుడుచుకుంది.

"ఇంక చేసేదేముంది," అన్నాను.

బస్టాపులో ముఖేష్ నిలబడి ఉన్నాడు. పక్కన అజిత్. "సోమవారం పాఠం నువ్వేనంట గదా," అన్నాడు ముఖేష్, ఆమె గొంతు పెట్టి.

హేమప్రియ అతని వైపు తిరిగింది. ఇంతవరకూ ఆమె అతనితో మాట్లాడింది లేదు.

"నువ్వు యాడ కూచుంటావో చెప్పు. ఆడికే వచ్చి నిలబడి చదువుతా."

సోమవారం ఏమైనా లీవా అని ముఖేష్ అజిత్‌ను తమిళంలో అడిగాడు.