పసరు నలుపు

కొండలరావు కళ్లు పచ్చబడిన సంగతి ముందు కనిపెట్టింది అతని భార్య గౌరీశ్వరి కాదు, పక్కింటి అర్జునరావు.

"ఏటి బావా, మల్లీ పెళ్లికొడుకువైపోనావేటి? ఒల్లంతా పసుపు రాసీసుకున్నావు!" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

కొండలరావు నవ్వబోయి వాంతి చేసుకున్నాడు. గౌరీశ్వరి బూడిద చల్లి ఎత్తిపోసింది. హార్బరులో బస్తాల పని మానేసి అతను పడుకున్న నాటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఎండదెబ్బేమో అనుకుంది ఇన్నాళ్లూ.

"పెద్దాసుపత్రికి తీసుకెల్లిపో సెల్లీ. రగతం సూత్తారు," అన్నాడు అర్జునరావు, నవ్వు మానేసి.

"రగతం సూసీసి ఏటి సేత్తారు? కామెర్లకి ఆల కాడ మందు నేదు," పెరట్లోంచి జవాబిచ్చింది కొండలరావు తల్లి సన్యాసమ్మ. "నాను పసరు పోత్తాను."

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఊరి నేలంతా ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోకముందు, చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. చెరువుగట్టు తడిలో పెరిగే గుంటగలగరాకు దంచి, పసరు పిండి, ఆవుపాలలో పరగడుపున పోసేది. ఎవరి దగ్గరా గుప్పెడు బియ్యం కూడా పుచ్చుకునేది కాదు. దానికో పద్ధతి ఉంది. తెల్లారకముందే ఆకు కోయాలి. కోయడానికి బయలుదేరినవాళ్లు రోగి గొంతులో పసరు పడేదాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ పసరు పారబోయాల్సిందే. ఇక ఆకు సంగతి చేతికే తెలుస్తుంది. చీకట్లో తడిమితే గరుకుగా తగలాలి, నలిపితే చెయ్యి నల్లబడాలి. నల్లబడకపోతే అది వేరే ఆకు, పోస్తే ప్రమాదం.

గౌరీశ్వరి ఒప్పుకుంది. నమ్మకంతో కాదు. బస్సెక్కించడం, వరసలో నిలబెట్టడం, ఆ వాంతులు దారంతా పట్టుకోవడం తలుచుకుంటేనే ఆమెకు ఓపిక చాలదనిపించింది. రేపు ఒక్కరోజు చూద్దాంలే అనుకుంది.

అత్తగారికి చూపు ఆనదు కనుక మర్నాడు తనే చెంబు పట్టుకుని వెనక నడిచింది. పాత చెరువుగట్టు ఇప్పుడు ఫ్యాక్టరీ గోడ లోపల ఉంది. ఊరు పోయినవాళ్లకి ఇచ్చిన ఈ కాలనీకి తడి నేల అంటే లారీ షెడ్ల వెనక గుంట ఒక్కటే. ఇద్దరూ మాట్లాడుకోలేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు కూడా ఇంత నిశ్శబ్దంగా నడిచిన గుర్తు లేదు గౌరీశ్వరికి. హాయిగానే అనిపించింది.

సన్యాసమ్మ చీర ఎగదోపి గుంటలోకి దిగింది. తడుముతూ తడుముతూ కోసింది. నాలుగాకులు అరచేతిలో నలిపి, చెయ్యి కోడలి మొహం ముందు పెట్టింది. మసక చీకట్లోనూ నల్లగా తెలిసింది. ఆవిడ తృప్తిగా తల ఊపి, ఆకు ఒడిలో కట్టుకుని గట్టెక్కింది.

ఆకు కడిగే నీళ్లకని గౌరీశ్వరి చెంబు ముంచడానికి వంగింది. వెలుగు వస్తోంది. నీటి మీద నెమలి ఈక రంగులు తేలుతున్నాయి. చెంబు ఎత్తేసరికి తన వేళ్లు నల్లగా ఉన్నాయి. తను ఏ ఆకూ ముట్టుకోలేదు. గట్టున గడ్డిపరక తెంపి నలిపింది. అదీ నల్లగానే వచ్చింది. వాసన చూసింది. ఇంజను నూనె.

పరుగెత్తి అత్తగారి కొంగు పట్టుకుని లాగి, తన వేళ్లు చూపించింది. తను కూడా ఆకు కోసిందనుకుని సన్యాసమ్మ మళ్లీ తల ఊపి, చకచకా ఇంటి దారి పట్టింది. ఇంట్లో రోలు కడిగి ఉంది. పాలు కాచి ఉన్నాయి. ఎవరు ఏం పోసినా కొండలరావు తాగేస్తాడు.

"అత్తా, ఆగు!"

సన్యాసమ్మ కాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయింది.

"మాటాడీసావు," అంది నెమ్మదిగా. తరవాత అరిచింది. "మాటాడీసావే! నీ మొగుడి పేణం కన్నా నీ నోరు ముద్దయిపోనాదేటే?"

"అది ఆకు నలుపు కాదు. నూనె. నీ ఒడిలో గలగరాకుందో, ఇంకోటుందో ఇక్కడ నీకు తెల్దు, నాకూ తెల్దు." గౌరీశ్వరి గుంట గట్టున ఇంకో గడ్డిపరక తెంపి అత్తగారి రెండో చేతిలో పెట్టి, ఆవిడ చేతే నలిపించింది. "వాసన సూడు."

ముసలావిడ చూసింది. ఆకు నలిపిన చెయ్యి కూడా వాసన చూసుకుంది. తరవాత ఒడి విప్పి ఆకు అక్కడే వదిలేసింది.

"మనూరి గట్టుమీద కళ్లు మూసుకుని కోసీదాన్ని," అంది. "పెద్దాసుపత్రి బస్సు ఎక్కడాగుతాది?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చదివి, కొండలరావు కనురెప్ప తిప్పి చూసి, "పసరేమైనా పోశారా?" అని అడిగింది.

"నేదండీ," అంది గౌరీశ్వరి.

"మంచిపని చేశారు. లివరు బాగా దెబ్బతింది. కలుషితమైనది ఏది పడినా తట్టుకోలేదు. చేర్చుకుంటాం."

సన్యాసమ్మ చేతులు కొంగులో దాచుకుంది. బయలుదేరేముందు బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు.

వరండాలో గౌరీశ్వరి గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. నిద్ర పట్టబోతుండగా పక్క నుంచి వినపడింది.

"ఒలే, పత్తెం ఏటి పెట్టాలో అడిగినావేటి? ఉప్పు మాత్రం ఎయ్యకు."

"ఆ డాక్టరమ్మనే అడుగుతాను అత్తా," అంది ఆమె, కళ్లు తెరవకుండానే.