ముందు కూర్చునేది ఎవరు?

మా చెక్కపని గదిలో ఒక కట్టుబాటు ఉంది. పిల్లలు చేసిన ముక్కాలి పీట మీద పిల్లలు ముందు కూర్చోకూడదు. నేర్పినవాళ్ళే కూర్చోవాలి. విరిగితే పడేది మేము, నవ్వేది వాళ్ళు. పడ్డాక పీటను తిరగేసి పంచనామా చేస్తాం. ఎక్కడ తప్పిందో చేసినవాళ్ళే వేలు పెట్టి చూపించాలి. అప్పటిదాకా మిగతా నోళ్ళన్నిటికీ తాళం, నా నోటితో సహా. ఈ కట్టుబాటు పెట్టిన మహాతల్లిని నేనే. పడగా పడగా చివరికి నా నడుముకే పంచనామా జరిగింది. డాక్టరు బెల్టు బిగించి, "ఇక పీటల జోలికి వెళ్ళకండమ్మా" అన్నాడు. అందుకని ఈసారి కూర్చోవలసింది కొత్త మాస్టారు.

కొత్త మాస్టారు మంచివాడు. చిక్కంతా అక్కడే. ఏ పిల్లకైనా కళ్ళలో నీళ్ళు తిరిగితే చాలు, చేతిలోని ఉలి లాక్కుని తానే చెక్కేస్తాడు. "చేతులు వెనక్కి కట్టుకో నాయనా!" అని రోజూ పోట్లాడుతూనే ఉన్నాను. "సరేనండీ" అంటాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

పీటల మీద కూర్చునే ఆ రోజు నా ప్రాణమంతా ఒక్క పీట మీదే ఉంది. అది మా తమ్ముడి కూతురిది. చిన్నప్పుడు వసపిట్టలా వాగేదని దానికి చిలకమ్మ అని పేరు పెట్టుకున్నాం. పరీక్ష తప్పిన దగ్గర్నుంచి ఆ నోరు మూతపడింది. కుట్టుపనికి పంపితే, మొదటి గౌనుకు మెడ తప్పు కత్తిరించి ఆ మెషీను ముఖం మళ్ళీ చూడలేదు. కంప్యూటరు క్లాసు కూడా అంతే. చివరికి తమ్ముడు దాన్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"అక్కా, ఇదే ఆఖరు. ఇది కూడా మధ్యలో వదిలేసిందంటే ఇంకెక్కడికీ పంపను. ఇంటిపట్టునే ఉంటుంది. ప్రతిసారీ అలా తల వేలాడేసుకుని వస్తుంటే చూళ్ళేక చస్తున్నాను."

వాడిది కోపం కాదు, భయం. ఆ మధ్యాహ్నం పీటలు చూడడానికి వాడే స్వయంగా వస్తానన్నాడు.

పొద్దున పిల్లలు చివరి మెరుగులు దిద్దుకుంటుంటే, చిలకమ్మ తన పీట కాలొకటి అరచేత్తో లోపలికి నొక్కడం చూశాను. నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. కాలు దిగే బెజ్జం వదులుగా ఉంది. మా గదిలో మేకులూ స్క్రూలూ నిషిద్ధం. కాలు బెజ్జంలో బిగుతుగా కూర్చుంటేనే పీట నిలుస్తుంది. నేను చూశానని అది చూసింది. చటుక్కున తల తిప్పుకుంది. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నేనంటే ఆ తప్పు కనిపెట్టింది నేనవుతాను. దానికి మళ్ళీ మొట్టికాయే మిగులుతుంది. నాలుక కరుచుకుని అవతలికి పోయాను. ఆ పూట నేనెంత అవస్థ పడ్డానో నాకే తెలుసు.

భోజనాల వేళ గదిలో ఎవరూ లేనప్పుడు ఉండబట్టలేక వెళ్ళి ఆ కాలు పట్టుకుని ఊపాను. కదల్లేదు. గట్టిగా ఉన్న పీటను చూసి హడలిపోయిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. పీట తిరగేశాను. కాలు మొదట్లో రెండు చోట్ల రంపపు పొట్టూ జిగురూ కలిపి మెత్తిన మచ్చలున్నాయి, ఇంకా పచ్చిగా. వేలితో నొక్కితే వాటి కింద స్క్రూలు తగిలాయి.

చేయి కడుక్కుని వస్తున్న కొత్త మాస్టారిని చెక్కల బీరువా వెనక్కి లాగాను.

"ఏం పనయ్యా ఇది?"

"ఇది కూడా వదిలేస్తే వాళ్ళ నాన్న మాన్పించేస్తారని మీరే అన్నారు కదండీ!"

నిజమే, అన్నాను. టీ తాగుతూ వాగాను. నా నోటి దురద కాకపోతే ఆ సంగతి ఇతగాడికెందుకు?

"ఒక్కసారి గెలవనివ్వండి మేడమ్. పని తర్వాత మెల్లగా నేర్చుకుంటుంది."

"గెలిచేది ఎవరు? అదా, నువ్వా?"

గంట మోగింది, పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు. వెనకాలే మా తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి ముఖం చూశాక నాకూ ఆశ పుట్టింది. పోనీ, ఉండనీ, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. అబద్ధమెందుకు, నిజంగానే అనుకున్నాను. మరుక్షణం నా మీద నాకే ఒళ్ళు మండింది. కక్కలేక మింగలేక అలాగే నిలబడ్డాను.

మొదటి పీట నిలిచింది. రెండోది ఫట్‌మంది, కొత్త మాస్టారు వెల్లకిలా పడ్డాడు, గది గొల్లుమంది. ఆ పీట చేసినవాడు కూడా పొట్ట పట్టుకుని నవ్వి, ఎక్కడ విరిగిందో చూపించాడు. తర్వాత చిలకమ్మ వంతు.

పీట తెచ్చి మధ్యలో పెట్టింది. పెడుతూ అలవాటుగా ఆ కాలును నొక్కింది. ఆగింది. మళ్ళీ ఊపి చూసింది. పీట తిరగేసి మచ్చ మీద గోరుతో గీకింది. స్క్రూ తల తళుక్కుమంది.

"ఇది నాది కాదు" అంది.

"నేనేనమ్మా... నీకు మంచి జరగాలని..." కొత్త మాస్టారు నీళ్ళు నమిలాడు.

"అంటే నేను చేసింది నిలబడదని మీకు ముందే తెలుసన్నమాట."

చిలకమ్మ ఏడవలేదు. గోడకున్న సంచి తీసి భుజానికి తగిలించుకుంది. గుమ్మంలో తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. పీట విరిగితే ఈ పిల్ల వెళ్ళిపోతుందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. విరగనివ్వనందుకు పోతోంది!

భయమేస్తే నాకు కోపమే వస్తుంది.

"సంచి దించు!" అని అరిచాను. "అది నీదో కాదో తర్వాత తేల్చుకుందాం. ముందు అందులో నీది కానిది తీసి పారెయ్."

స్క్రూడ్రైవర్ దాని ముందుకు చాచాను. అది నా ముఖం చూసింది, స్క్రూడ్రైవర్ చూసింది. తీసుకోదనుకున్నాను. తీసుకుంది.

మొదటి స్క్రూ దగ్గర చెయ్యి జారింది. కొత్త మాస్టారు గబుక్కున ముందుకు వంగాడు. అంతలోనే ఆగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. మొదటిసారి, నేను చెప్పకుండా.

రెండు స్క్రూలూ బల్ల మీద పడ్డాయి. కొత్త మాస్టారు వచ్చి, తెలిసి తెలిసీ ఆ పీట మీద పూర్తి బరువు వేసి కూర్చున్నాడు. కాలు ఊడింది. దభీమని పడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చాలు తల్లీ" అన్నాడు తమ్ముడు. "రా, ఇంటికి పోదాం."

అది కదల్లేదు. ఇప్పుడు తప్పెక్కడో చూపించాల్సింది చిలకమ్మే. అది చూపించేదాకా నాకు నోరు లేదు. అది మోకాళ్ళ మీద కూర్చుని, బెజ్జంలో వేలు పెట్టింది.

"ఇక్కడ. ఉలి పక్కకు పోయింది. అప్పుడే తెలిసింది నాకు. ఎవరికీ చెప్పలేదు."

"మరి ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"కొత్త కాలు చెక్కాలి అత్తా. కాస్త లావుగా."

సంచి దించి పక్కన పెట్టింది. ఇంకా నేల మీదే ఉన్న కొత్త మాస్టారి వైపు తిరిగింది.

"దెబ్బ తగిలిందా మాస్టారూ?"

"అబ్బే, లేదమ్మా" అన్నాడు నడుం రుద్దుకుంటూ.

"అయితే మళ్ళీ కూర్చుంటారుగా?"

"కూర్చుంటాను."

ఉలి తీసుకుంది. తమ్ముడు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"నువ్వు వెళ్ళు నాన్నా" అంది చిలకమ్మ, తల ఎత్తకుండానే. "నాకు ఆలస్యమవుతుంది."