బావ కంట్లో అక్క

ఫొటో స్టూడియో పెట్టి ఇరవై ఏళ్ళయింది. వచ్చినవాళ్ళకి నీతులు చెప్పడం నాకో జబ్బు. "ముందు లెన్సు తుడవండి. జూమ్ చెయ్యకండి, మీరే రెండడుగులు ముందుకెళ్ళండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సగం చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి." నా నోటికి జడిసి చాలామంది ఎదురు స్టూడియోకే పోయారు.

నా మాట తు.చ. తప్పకుండా విన్నది మా అక్క ఒక్కతే. రెండేళ్ళ క్రితం బావని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ లెన్సు తుడిచి, దగ్గరికెళ్ళి ఫొటో తీసింది. అసలు ఫైలే నాకు పంపింది. స్టూడియోకి పిలిచి, తెరమీద పెద్దది చేసి ఇద్దరికీ చూపించాను. బావ కంటిపాపలో కిటికీ, దాని ముందు ఫోన్ పట్టుకుని అక్క.

"చూశావా, బావ కంట్లో నువ్వే!" అన్నాను.

అక్క సిగ్గుపడింది. "ఇంట్లో చాలక అక్కడ కూడానా?" అని బావ నవ్వాడు.

"ఫోన్లని నమ్మకక్కా, నా దగ్గర భద్రంగా ఉంటుంది" అని ఆ రోజు గొప్పగా చెప్పాను.

బావ పోయి నెలయింది. నిన్న మధ్యాహ్నం అక్క వచ్చింది.

"ఆ కన్ను ఒక్కటీ పెద్దది చేసివ్వరా. గోడకి కాదు, నా దగ్గర పెట్టుకుంటాను."

ఫైలు సైజు చూడగానే నేను చేసిన పని గుర్తొచ్చింది. పోయినేడు డిస్కు నిండిపోతే, ఇంకోటి తెచ్చుకోవడానికి బద్ధకించి, పాత ఫొటోలన్నిటినీ ఒక్క దెబ్బతో కుదించేశాను. అసలువి ఉంచుకోలేదు. వాటిలో బావ ఉన్నాడన్న ఆలోచనే రాలేదు.

పెద్దది చేశాను. ముఖం బాగానే ఉంది. కంటి దగ్గరికొచ్చేసరికి నల్ల గళ్ళు, బూడిదరంగు గళ్ళు.

"ఫోన్ ఫొటో కదక్కా, ఇంతే వస్తుంది" అనేశాను. సిగ్గులేని నోరు.

"అప్పుడు కనిపించానుగా?" అక్క చేతిరుమాలు తీసి తెర తుడవసాగింది. "దుమ్ము పట్టినట్టుంది. ముందు తుడవమని నువ్వే చెబుతావుగా."

ఇక నావల్ల కాలేదు. "దుమ్ము కాదక్కా. పాడుచేసింది నేనే" అని జరిగిందంతా చెప్పేశాను.

అక్క చెయ్యి ఆగింది. "నీ దగ్గరుందన్న ధైర్యంతోనే నా ఫోన్లోది తీసేశానురా" అంది.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రుమాలు మడత మార్చి, బావ కన్ను ఉన్నచోట మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.