రాయి కింద ఎవరూ లేరు

మా పూతరేకుల కొట్టు ముందు ఒక యుద్ధ స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి వెళ్ళి తిరిగి రాని ఐదుగురి పేర్లు ఆ రాతి మీద చెక్కారు. పదమూడేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని అవతలి పక్క నుంచి లేపి ఇటు తెచ్చారు. కార్లు ఆగే చోటు పోతుందని పంచాయతీలో గట్టిగా అభ్యంతరం పెట్టాను. ఓడిపోయాను.

తర్వాత ఆ రాయే నాకు బేరాలు తెచ్చింది. ఫోన్ పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ ఆడే ఆట ఒకటుంది. అందులో గుర్తుపెట్టిన చోటికి మనిషి స్వయంగా వెళ్ళి ఫోన్ మీద నొక్కితేనే పాయింట్లు వస్తాయి. మా ఊరి బడిలో టీచరు దీవెన రెండేళ్ళ కిందట ఈ రాయిని ఆ ఆటలో చేర్పించి, ఐదు పేర్లూ రాసింది. మొదటి పేరు జీవరాజు. దీవెన మామ్మ సంపూర్ణమ్మ గారికి ఆయన తాత. ఆదివారం వస్తే రాజమండ్రి, మండపేటల నుంచి జనం వచ్చి నొక్కేవారు, ఎండకు నా పందిట్లోకి చేరేవారు, చేరినవాళ్ళు వట్టి చేతులతో వెళ్ళేవారు కాదు. సంపూర్ణమ్మ గారు సాయంత్రం నా బల్ల మీద కూర్చుని, "ఇవాళ మా తాత పేరు ఎంతమంది చదివారమ్మా?" అని అడిగేవారు. ఎనభై నాలుగేళ్ళ ఆవిడకు అంతకు మించిన కబురు అక్కర్లేదు.

ఈస్టర్ వెళ్ళిన వారానికి ఆటలోంచి రాయి పోయింది. దీవెన ఫోన్ తెచ్చి చూపించింది. ఇది ఒక కుటుంబం వారి సమాధి, ఆటకు తగదు అని ఎవరో ఫిర్యాదు చేశారు. జతగా ఫోటో పెట్టారు. అందులో సున్నం వేసిన రాయి, మల్లెపూల దండ, చుట్టూ కొవ్వొత్తులు.

చూసినవాళ్ళు సమాధి అనుకోవడంలో తప్పు లేదు. ఈస్టర్ తెల్లవారుజామున దీవెన వాళ్ళ పేటలో అందరూ తమవాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. జీవరాజుకు సమాధి లేదు కాబట్టి సంపూర్ణమ్మ గారు ఆ మర్యాదంతా ఈ రాయికి చేస్తారు.

"అప్పీలు ఒక్కసారే ఆంటీ. అది కూడా పోతే ఇంక చేర్చరు," అంది దీవెన. రెండు పేజీలు రాసుకొచ్చింది. త్యాగం, చరిత్ర, కన్నీళ్ళు, అన్నీ ఉన్నాయి.

"ఇదంతా తీసెయ్," అన్నాను.

"అదేంటండీ, బాలేదా?"

"బాగానే ఉంది, బళ్ళో చదువు. నా డబ్బా తిరగ్గొట్టినవాడు నెయ్యి వాసనొస్తోందంటే నెయ్యి గురించే చెప్పాలి. మా అత్తగారి చేతి నేర్పు గురించి చెబితే వింటాడా? వాళ్ళన్నది సమాధి అని. కాదని చూపించు, చాలు."

"రాయి కింద ఏముందో ఎలా చూపిస్తాం?"

నేను బీరువా తీశాను. రాయిని ఇటు జరిపినప్పుడు స్టూడియో అతన్ని పిలిపించి తీయించిన ఫోటోలు, పంచాయతీ ముద్ర ఉన్న నా అభ్యంతరం కాగితం, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఒక ఫోటోలో రాయి గొలుసుకు వేలాడుతోంది, కింద ఖాళీ గొయ్యి. ఇంకోదాంట్లో నా కొట్టు ముందు జానెడు లోతు కాంక్రీటు దిమ్మె. రెండింటి మీదా తేదీలున్నాయి. ఈ రాయి నాకొద్దని పోగుచేసిన సాక్ష్యం అది.

దీవెన సంతోషపడలేదు. గొంతు తగ్గించి, "కింద ఎవరూ లేరని రాయాలి. మామ్మ వింటే..." అంది.

"వింటూనే ఉన్నాను," అన్నారు సంపూర్ణమ్మ గారు, బల్ల మీద నుంచి. "మా తాత ఇరాకులో, బస్రా మట్టిలో ఉన్నాడని మా నాన్న నా చిన్నప్పుడే చెప్పాడు. అంత దూరం పోలేక ఇక్కడ వెలిగిస్తున్నాను. రాయవే. లేడని రాయి. పేరు మాత్రం ఉండాలి."

ఎనిమిది వాక్యాలు, రెండు ఫోటోలు, ఒక ముద్ర కాగితం పంపించాం. పదకొండో రోజున దీవెన బడి నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రాయి తిరిగి వచ్చింది, ఐదు పేర్లతో. కొట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తలో పూతరేకు పెట్టాను. మా ఆయన శ్రీనివాసరాజు గారు తూకం ఆపి, "ఒంట్లో బాగానే ఉందా? ఊరికే పెడుతున్నావు," అన్నారు.

ఆ ఆదివారం రాజమండ్రి నుంచి ఫిన్నీ అనే బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. రాయి చుట్టూ తిరిగి, నా దగ్గరకొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఫిర్యాదు నేనే చేశానండి. ఎవరి సమాధి మీదో ఆడుకోవడం మర్యాద కాదనిపించింది. తప్పయిపోయింది."

"నాకెందుకు చెప్పడం? ఆవిడకు చెప్పండి."

చెప్పాడు. సంపూర్ణమ్మ గారు అంతా విని, కర్రతో రాయిని చూపించారు. "మర్యాద తెలిసినవాడివే. అయితే వెళ్ళి, అందరికీ వినబడేలా చదువు బాబూ."

రోడ్డు మీద నిలబడి ఐదు పేర్లూ చదివాడు. పాలవాడు బండి ఆపి విన్నాడు. కార్లోంచి దిగుతున్నవాళ్ళు ఆగి విన్నారు. ఆవిడ నా వైపు తిరిగి, "ఇవాళ్టికి ఎంతమందమ్మా?" అన్నారు.

"లెక్క తప్పానండి," అన్నాను. నా జన్మలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఫిన్నీ నాలుగు డబ్బాలు తీసుకుని, ఏమైనా తగ్గించమన్నాడు. తగ్గించలేదు.